శ్రీయుత పెసరట్టు గారికి

మా సాలిపేట ధ్రువపత్రాల జారీ కార్యాలయంలో వత్తులు మాయమైన సంగతి బయట రకరకాలుగా చెప్పుకుంటున్నారు. నేను ఆ సెక్షన్లోనే సీనియర్ అసిస్టెంటుని. ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడుకుందో నాకు తెలుసు. కనుక జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ నెల మొదటి సోమవారం పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఆఫీసుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే వాడాలని. వ్యానులో ఇద్దరు టెక్నీషియన్లు వచ్చి, భోజనాల వేళకల్లా పాతది తీసేసి కొత్తది పెట్టి, సంతకం చేయించుకుని వెళ్లిపోయారు. సాయంత్రం మా డిప్యూటీ డైరెక్టర్ బ్రహ్మేశ్వరరావు గారు ఒక కంప్యూటరుకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ప్రసంగించారు.

"ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అనగా ఎవరైనా వాడుకొనవచ్చును, ఎవరైనా విప్పి చూడవచ్చును, ఎవరైనా మార్చుకొనవచ్చును. కావున సిబ్బంది ఎవరూ పై అనుమతి లేనిదే దీనిని ముట్టుకొనరాదు."

మేం చప్పట్లు కొట్టాం.

మర్నాడు పొద్దున మొదటి ధ్రువపత్రం ప్రింటరులోంచి బయటికొచ్చింది. పైన పెద్దక్షరాల్లో 'ధువపతం' అని ఉంది. కింద 'పుటిన తేదీ' అని ఉంది. దరఖాస్తుదారు వెంకట్రావు గారు 'వెంకటావు' అయ్యారు. ఆయన ఆ కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసి, "చివర ఆ ఆవు నాకు నచ్చలేదండీ" అన్నారు. తెర మీద చూస్తే వత్తులన్నీ బుద్ధిగా అక్షరాల కిందే ఉన్నాయి. కాగితం మీద ఒక్కటీ లేదు.

మా సూపరింటెండెంట్ కూర్మారావు గారికి ముప్పై ఒక్కేళ్ల సర్వీసు. నియమాల పుస్తకం ఆయన సొరుగులో ఉంటుంది కానీ తీసి చూడవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆయన కాగితాన్ని వేళ్లతో తడిమి చూశారు.

"తెర మీద ఉన్నాయి, కాగితం మీద లేవు. అంటే దారిలో పడిపోయాయి" అన్నారు. "దారి అంటే ప్రింటరే కదా. సింహాచలం, అది విప్పి చూడు. వత్తులు అందులో పేరుకుపోయి ఉంటాయి."

అటెండరు సింహాచలం ప్రింటరు విప్పాడు. లోపల రెండు గుండుపిన్నులు, ఒక ఎండిపోయిన బల్లి, పోయినేడాది కనబడకుండా పోయిన ఒక సెలవు చీటీ దొరికాయి. వత్తులు దొరకలేదు. ఆ మేరకు పంచనామా రాసి ముగ్గురం సంతకాలు పెట్టాం.

ఆ వారంలోనే పుట్టా అప్పలనర్సమ్మ వచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. పదకొండేళ్లుగా తాత్కాలికంగా ఉన్న వాళ్లని పర్మనెంటు చేస్తున్నారని, నెలాఖరులోగా నివాస ధ్రువపత్రం చూపించాలని ఆమెకి కబురొచ్చింది. మేం ఇచ్చిన కాగితం పట్టుకెళ్లి, మర్నాడు దాన్ని అలాగే వెనక్కి తెచ్చింది.

"ఏటి బాబూ ఇది? ఇందల నా పేరు నేదట" అంది నాతో. "పుటా అపలనరమ అని ఎవుల్దో పేరుందట. ఆ అపలనరమకి ఇమ్మంటే ఇత్తాం, నువ్వు గాదు గదా అంతన్నారు."

"సాఫ్ట్‌వేర్ సమస్యమ్మా. అందరికీ అలాగే వస్తోంది" అన్నాను.

"అందరికీ వొత్తే నాకూ పరవానేదు గానీ, అందరికీ ఈ నెలాకరే గడువా?"

ఎదురు బల్ల దగ్గర జూనియర్ అసిస్టెంటు హైమవతి ఈ మాటలు వింటోంది. చేరి రెండేళ్లే అయింది. ఆ కాగితం తీసుకుని చూసి, "రేపు రండమ్మా, నేను కనుక్కుంటాను" అంది. మా ఆఫీసులో ఆ మాట అనడం కొత్త కాదు గానీ, ఆ పిల్ల నిజంగానే కనుక్కోవడం మొదలుపెట్టింది.

ముందు వ్యానులో వచ్చినవాళ్లకి ఫోను చేసింది. తాము పెట్టడం వరకేనని, వత్తులు తమ ఒప్పందంలో లేవని వాళ్లన్నారు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న సహాయం పేజీ తెరిచింది. అందులో ఒకే ఒక వాక్యం ఉంది. 'మీ సమస్యకు పరిష్కారం దొరకకపోతే కమ్యూనిటీని అడగండి.'

హైమవతి ఆ వాక్యాన్ని కూర్మారావు గారికి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏ కమ్యూనిటీ?"

"ఆ కమ్యూనిటీ కాదండీ. ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు, తయారుచేసేవాళ్లు అందరూ ఇంటర్నెట్లో ఒక చోట ఉంటారు. ఎవరైనా ప్రశ్న అడిగితే, తెలిసినవాళ్లు జవాబు చెబుతారు."

"వాళ్లని ఎవరు నియమించారు?"

"ఎవరూ నియమించలేదు సార్."

"మరి జవాబు తప్పయితే ఎవరు సస్పెండ్ చేస్తారు?"

"ఎవరూ చెయ్యరు సార్. పక్కవాళ్లు సరిదిద్దుతారు."

కూర్మారావు గారు "ఇది నా స్థాయిలో తేలదు" అని ఫైలు తెరిచారు.

ఫైలు డిప్యూటీ డైరెక్టర్ గారి దగ్గర అయిదు రోజులుండి ఇలా తిరిగొచ్చింది: 'సదరు కమ్యూనిటీని సంప్రదించవలెనని సహాయ పుటయందు పేర్కొనబడి ఉన్నది. అయితే సదరు కమ్యూనిటీ ఏ జాబితా కిందికి వచ్చునో పేర్కొనబడి ఉండలేదు. కావున తొలుత సదరు కమ్యూనిటీ యొక్క కమ్యూనిటీ ధ్రువపత్రమును జతపరచవలెను.'

కమ్యూనిటీ ధ్రువపత్రాలు ఇచ్చేది మా ఆఫీసే. ఆ సంగతి హైమవతి గుర్తుచేస్తే కూర్మారావు గారు సంతోషించారు. "అయితే మనమే ఇచ్చుకోవచ్చు. కమ్యూనిటీ వారిని దరఖాస్తు పెట్టుకోమను."

"పెట్టుకున్నా అది కమూనిటీ ధువపతం అని పడుతుంది సార్."

అక్కడ ఆయన ఆగారు. రెండు రోజులు ఆలోచించాక కమ్యూనిటీని 'ఇతరులు' అనే గడిలో వేసి ప్రశ్న అడగడానికి అనుమతి సంపాదించారు. ప్రశ్నని ఆయనే స్వయంగా తయారుచేశారు. మూడు పేజీలు. మొదటి రెండు పేజీల్లో సూచికలు, పాత ఉత్తర్వుల నంబర్లు. మూడో పేజీలో మా ఆఫీసు ఎప్పుడు ఏర్పడింది, దాని పరిధిలో ఎన్ని మండలాలున్నాయి, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి. చివర 'కావున తమరు వెంటనే తగు చర్య తీసుకొని, తీసుకొన్న చర్యను ఈ కార్యాలయమునకు తెలియపరచవలసినదిగా కోరడమైనది' అని.

పదహారో తారీఖు ఉదయం పదకొండింటికి హైమవతి దాన్ని ఆ కమ్యూనిటీ ఫోరంలో పెట్టింది. పదకొండు గంటల పదకొండు నిమిషాలకి జవాబొచ్చింది. మేమెవరమూ నమ్మలేదు. మా ఆఫీసులో పదకొండు నిమిషాల్లో సింహాచలం మంచినీళ్లు కూడా తేడు.

జవాబిచ్చిన వారి పేరు పెసరట్టు. ఆ ఫోరంలో ఎవరికి నచ్చిన పేరు వాళ్లు పెట్టుకుంటారట.

'నమస్తే. మీ ఉత్తరం మొత్తం చదివాను. మీ ఆఫీసు గురించి చాలా తెలిసింది. మీకొచ్చిన ఇబ్బంది ఏమిటో మాత్రం కనబడలేదు. నాలుగో పేజీ ఏమన్నా ఉందా?'

కూర్మారావు గారు నాలుగో పేజీకి ముసాయిదా రాద్దామని కలం తీశారు. ఆయన మూత విప్పేలోపే హైమవతి తన బల్ల మీంచి ఒక వాక్యం కొట్టేసింది: 'తెర మీద వత్తులు కనిపిస్తున్నాయి, కాగితం మీద పడటం లేదు.'

నాలుగు నిమిషాల్లో జవాబు.

'ఇంతేనా. ప్రింటు కొట్టేటప్పుడు ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది చూడండి. అందులో "బొమ్మగా ముద్రించు" అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టండి. వత్తులు వస్తాయి. తర్వాత తీరిగ్గా కొత్త వెర్షన్ పెట్టుకుంటే టిక్కు కూడా అక్కర్లేదు. ఇదే ఇబ్బంది పోయినేడు మా మేనకోడలి పెళ్లి శుభలేఖకి వచ్చింది. వియ్యాలవారు చదవక ముందే పట్టుకున్నాం.'

మేం ముగ్గురం తెర వైపు చూశాం. నేను మనస్ఫూర్తిగా సంతోషించానని ఒప్పుకోవాలి. హైమవతి మౌస్ మీద చెయ్యి వేసింది.

"ఆగు" అన్నారు కూర్మారావు గారు. "టిక్కు అంటే ఏమిటి?"

"గడిలో గుర్తు పెట్టడం సార్."

"గుర్తు కాదు. ఆమోదం. హాజరు పట్టీలో నీ పేరు పక్కన టిక్కు ఎవరు పెడతారు? నేను. ఫైలులో నా టిక్కు పక్కన టిక్కు ఎవరు పెడతారు? డి.డి. గారు. నువ్వెప్పుడన్నా పెట్టావా?"

"లేదు సార్."

"మరి."

ఫైలు మళ్లీ పైకి వెళ్లింది. ఈసారి డిప్యూటీ డైరెక్టర్ గారు దాన్ని రెండు రోజుల్లోనే తేల్చారు. టిక్కు ఆమోదసూచకం అయినందున గెజిటెడ్ అధికారి మాత్రమే దానిని పెట్టవలెనని, తామే స్వయంగా పెట్టెదమని రాశారు. పద్దెనిమిదో తారీఖు మూడింటికి మా సెక్షన్‌కి వేంచేశారు. సింహాచలం కుర్చీ తుడిచాడు. హైమవతి ప్రింటు పెట్టె తెరిచి, ఆ గడి ఎక్కడుందో చూపించింది. ఆయన జేబులోంచి ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, తెర మీద ఆ గడి ఉన్న చోట అందంగా ఒక టిక్కు పెట్టి, పక్కన పొడి సంతకం చేసి, తేదీ వేశారు.

కాగితం బయటికొచ్చింది. వత్తులు లేవు.

హైమవతి ఏదో చెప్పబోయింది. కూర్మారావు గారు కళ్లతోనే వారించారు. డిప్యూటీ డైరెక్టర్ గారు నిలబడే ఫైలులో రాశారు: 'టిక్కు పెట్టబడినది. ఫలితము శూన్యము. పెసరట్టు వారి సలహా విఫలమైనట్లు భావించడమైనది. కార్యాలయమును తప్పుదారి పట్టించినందులకు వారి సంజాయిషీ కోరవలెను.'

ఆయన వెళ్లాక సింహాచలం తడిగుడ్డతో తెర తుడవబోతే కూర్మారావు గారు ఆపారు. అధికారి సంతకాన్ని చెరిపే హక్కు అటెండరుకి లేదు. ఆ టిక్కు ఇప్పటికీ అక్కడే ఉంది. ఏ ఫైలు తెరిచినా దాని మీద పచ్చగా కనబడుతుంది.

శ్రీయుత పెసరట్టు గారికి మెమో వెళ్లింది. తమరి హోదా, పనిచేయు కార్యాలయము, తమ పై అధికారి పేరు, సలహా ఇచ్చుటకు తమకు గల అధికారము, అడగని వేతనములేని పనిని చేయుటలో తమ ఉద్దేశము, వీటిని మూడు ప్రతులలో సరియైన మార్గము ద్వారా పంపవలెనని.

అరగంటలో సమాధానం వచ్చింది.

'నేను శ్రీయుత కాదండీ, ఆడమనిషిని. రిటైర్డ్ టెలిఫోన్ ఆపరేటర్ని. ముప్పై ఎనిమిదేళ్లు ఎవరు ఏ లైను అడిగితే ఆ లైను కలిపాను. ఇప్పుడు లైన్లు ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతున్నారు, చెబుతున్నాను. నాకు పై అధికారి ఎవరూ లేరు. మావారు కూడా నా కిందే. టిక్కు పెన్నుతో కాదు, మౌస్‌తో పెట్టాలి. తప్పు నాదే, చెప్పలేదు.'

ఫైలులో 'శ్రీయుత' కొట్టేసి 'శ్రీమతి' అని దిద్దడానికి ఒక రోజు పట్టింది. పై అధికారి లేని వ్యక్తి ఉండటం సాధ్యమేనా అన్న సందేహం మీద ఫైలు న్యాయ సలహాకి వెళ్లింది.

ఈలోగా ధ్రువపత్రాలు రోజుకి నూట యాభై చొప్పున వెళ్లిపోతున్నాయి, జనం రోజుకి నూట యాభై మంది చొప్పున తిరిగొస్తున్నారు. వరండాలో నిలబడటానికి చోటు లేదు. అప్పలనర్సమ్మ రోజూ హాస్టల్లో పిల్లలకి పొద్దుటి టిఫిను వండి, పదింటికల్లా వచ్చి మెట్ల మీద కూర్చునేది. ఎవరినీ ఏమీ అనేది కాదు. హైమవతి కనబడితే మాత్రం "తల్లీ, దొరికినాయా వొత్తులు?" అని అడిగేది.

ఇరవై రెండో తారీఖున డిప్యూటీ డైరెక్టర్ గారు ఈ గొడవని ఒక్క వేటుతో తెగ్గొట్టారు. సాఫ్ట్‌వేర్‌ని ప్రజలకు అనుగుణంగా మార్చడం కన్నా ప్రజలను సాఫ్ట్‌వేర్‌కి అనుగుణంగా మార్చడం పాలనాపరంగా సులభమని ఆయనకి తోచింది. సర్క్యులర్ వెలువడింది. మొదటి పేరా: జిల్లాలో అందరి పేర్లూ ఇకపై వత్తులు లేకుండానే అధికారికం. రెండో పేరా: కొత్తగా పుట్టే పిల్లలకు వనజ, గిరిజ, కమల, రాజు, రమణ మొదలగు పేర్లు పెట్టుకొనుటకు తల్లిదండ్రులను ప్రోత్సహించవలెను. మూడో పేరా: సిబ్బంది తమ వ్రాతలోను, మాటలోను ఆదర్శంగా నిలవవలెను. నాలుగో పేరా: ఈ కార్యాలయము ఇచ్చు అసలు ధ్రువపత్రములలో వత్తులు ఉండవు కనుక, వత్తులు గల పత్రము ఏదైనను నకిలీగా భావించి తిరస్కరించవలెను.

ఆయన మాట మీద నిలబడే మనిషి. మర్నాటికల్లా గది బయట పలక మారింది: 'బహేశరరావు, డిపూటీ డైరెకర్'. ఫోనెత్తి కూడా అలాగే చెప్పేవారు. కూర్మారావు గారు 'కూరారావు' అయ్యారు. మొదటి రోజు కొంచెం ముభావంగా ఉన్నారు. రెండో రోజు నుంచి అలవాటైపోయింది.

"కూరారావు గారూ, ఆ చటపరమైన ఫైలు తకణం పంపండి" అని డిప్యూటీ డైరెక్టర్ గారు గదిలోంచి అంటే, "చితం సార్, ఇపుడే పంపుతునాను" అని ఈయన ఇక్కడి నుంచి అనేవారు. నాక్కూడా రెండు మూడు రోజుల్లో నాలుక తిరిగింది. ఇంటికెళ్లి అన్నం పెట్టమనడానికి "అనం పెటు" అన్నాను. మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

హైమవతి ఒక్కతే మామూలుగా మాట్లాడేది. ఆదర్శంగా ఎందుకు నిలవడం లేదని కూర్మారావు గారు అడిగితే, "నా పేరులో వత్తుల్లేవు కదండీ, అలవాటు కాలేదు" అంది.

ఇరవై తొమ్మిదో తారీఖు వచ్చింది. మర్నాడు సాయంత్రం అయిదింటికి అప్పలనర్సమ్మ గడువు అయిపోతుంది. ఆ రోజు ఆమె మెట్ల మీద కూర్చోలేదు. లోపలికొచ్చి హైమవతి బల్ల ముందు నిలబడింది.

"తల్లీ, నాను పేరు మార్చీసుకుంతాను. అపలనరమ అని రాసీ. ఆ కార్డుల మీదా గట్రా కూడా మార్చీమను. పేరుదేటుంది. పదకొండేళ్లు ఆ పొయ్యి కాడ నిలబడ్డాను, ఇప్పుడు పేరు కాడ ఆగిపోతే ఎలగ?"

ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. హైమవతే తల వంచుకుంది. భోజనాల వేళ. కూర్మారావు గారు క్యారియరు విప్పుకోవడానికి వెనక గదిలోకి వెళ్లారు. హైమవతి నా వైపు చూసింది. నేను అలమరా వైపు తిరిగి, అక్కర్లేని రిజిస్టరు ఒకటి వెతకడం మొదలుపెట్టాను. నా వీపు వెనకాల మౌస్ ఒక్కసారి టిక్కుమంది. ప్రింటరు గురగురలాడింది.

నేను తిరిగేసరికి బల్ల మీద కాగితం ఉంది. 'నివాస ధ్రువపత్రం. పుట్టా అప్పలనర్సమ్మ, గొల్లవీధి.' ఇన్నాళ్ల తర్వాత అన్ని వత్తుల్ని ఒక్కచోట చూసేసరికి పెళ్లివారింట్లో పిల్లల్ని చూసినట్టనిపించింది.

ఆమె కాగితాన్ని చీర కొంగులో చుట్టుకుని వెళ్లింది. రెండు గంటల్లో తిరిగొచ్చింది.

"నకిలీ అంతన్నారు తల్లీ."

హాస్టళ్ల ఆఫీసులో ధ్రువపత్రాలు పరిశీలించే అధికారి బల్ల మీద మా సర్క్యులరే ఉందట. నాలుగో పేరా కింద ఎర్రగీత గీసి ఉందట. పాత కాగితంలో పేరు తప్పు గనక చెల్లదు, కొత్త కాగితంలో పేరు సరిగ్గా ఉంది గనక చెల్లదు. అయినా ఆయన మంచివాడే, రేపు అయిదు వరకూ ఆగుతానన్నాడట.

హైమవతికి ఇంక అడగడానికి ఎవరూ మిగల్లేదు. మళ్లీ ఫోరంలోకే వెళ్లి జరిగిందంతా రాసింది. పెసరట్టు గారి జవాబు ఈసారి కాస్త ఆలస్యంగా, గంట తర్వాత వచ్చింది.

'అమ్మాయీ, ఇది సాఫ్ట్‌వేర్ ఇబ్బంది కాదు. దాని వత్తులు దానికి వచ్చేశాయి. దీనికి నా దగ్గర టిక్కు లేదు. ఒక్క మాట చెబుతాను. మా ఎక్స్ఛేంజీలో ఒక ఆఫీసరు ఉండేవాడు. ఎవరి లైను చెడిపోయినా కాగితం పెట్టమనేవాడు. ఒకరోజు ఆయన లైనే చెడిపోయింది. మేం కాగితం పెట్టమన్నాం. ఆ సాయంత్రానికి నిబంధన మారింది. మీ ఆఫీసులో పై వాళ్లకి వచ్చే టపా నీ చేతి మీదుగా వెళ్తుందా?'

వెళ్తుంది. టపా సీటు హైమవతిదే. ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, కంప్యూటరు కట్టేసి ఇంటికెళ్లింది.

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం రెండున్నరకి డైరెక్టరేటు నుంచి సీలు వేసిన కవరు వచ్చింది. అలాంటివి వారానికి రెండు మూడు వస్తుంటాయి. హైమవతి దాన్ని విప్పింది. చదివింది. రిజిస్టరులో ఎక్కించి, పైన చిన్న చీటీ ఒకటి అంటించి, కూర్మారావు గారి బల్ల మీద పెట్టింది. చీటీ మీద 'నాలుగో పేరా వర్తించునేమో పరిశీలించగలరు' అని ఉంది.

అది డిప్యూటీ డైరెక్టర్ గారి ప్రమోషన్ ఉత్తర్వు. జాయింట్ డైరెక్టరుగా రాజధానిలో ఒకటో తారీఖుకల్లా చేరాలి. మర్నాడే ఒకటో తారీఖు. ఆయన అప్పటికే ఫోనులో విని, స్వీట్లకి మనిషిని పంపి, సాయంత్రం రైలుకి సిద్ధమవుతున్నారు. రిలీవింగ్ కాగితం ఒక్కటే కావాలి.

కూర్మారావు గారు ఉత్తర్వుని అటూ ఇటూ తిప్పి చూశారు. 'శ్రీ బ్రహ్మేశ్వరరావు' అని నిండుగా ఉంది. ఆయన నిట్టూర్చి, నోట్ రాసి, ఫైలు చేత్తో పట్టుకుని గదిలోకి వెళ్లారు. తలుపు తెరిచే ఉంది కనుక మాకు వినబడింది.

"ఇది ఏమిటి కూరారావు గారూ?"

"ఉతరులో వతులు ఉనవి సార్. నాలుగో పేరా పకారం నకిలీ."

"ఇది నా పమోషన్."

"మన రికారుల పకారం ఈ కారాలయంలో ఉనది బహేశరరావు గారు సార్. ఇది వేరెవరికో వచినటు ఉంది. తిపి పంపుతునాను."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తర్వాత డిప్యూటీ డైరెక్టర్ గారి గొంతు వినబడింది. వారం రోజుల తర్వాత మొదటిసారి అందులో వత్తులున్నాయి.

"కూర్మారావు గారూ. నా పేరు బ్రహ్మేశ్వరరావు. మా తాతగారి పేరు. మీకు తెలుసు."

"వక్తిగతంగా తెలుసు సార్" అన్నారు కూర్మారావు గారు. కంగారులో ఒక వత్తు ఉండిపోయింది. "నియమం పకారం తెలియదు."

దీని వెనక దురుద్దేశం ఏమీ లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆయన అప్పలనర్సమ్మనైనా, డిప్యూటీ డైరెక్టరునైనా ఒకే నిబంధనతో చూశారు. ఆ మాటకొస్తే మా ఆఫీసులో నిజమైన సమానత్వం అదొక్కటే.

నాలుగు గంటల అయిదు నిమిషాలకి డిప్యూటీ డైరెక్టర్ గారే మా సెక్షన్‌లోకి వచ్చారు. సర్క్యులర్ రద్దు చేస్తున్నట్టు చిత్తుప్రతి చేతిలో ఉంది. "ఇది వెంటనే ప్రింటు చెయ్యి" అన్నారు హైమవతితో.

"రద్దు అన్న మాట 'రదు' అని పడుతుంది సార్. చదివినవాళ్లకి అర్థం కాదు."

"సరిగ్గా పడాలి."

"టిక్కు పెట్టాలి సార్. మౌస్‌తో. నాకు అధికారం లేదు."

ఆయన తెర మీద తమ ఆకుపచ్చ సంతకాన్ని చూశారు. గోడ మీద గడియారాన్ని చూశారు. "పెట్టు" అన్నారు.

ఆమె పెట్టింది. కాగితం వచ్చింది. ఆయన సంతకం చేశారు, కూర్మారావు గారు సీలు వేశారు. రద్దయిన నాలుగో పేరా వెలుతురులో ఆ ప్రమోషన్ అసలుదేనని తేలింది. స్వీట్లు కూడా వచ్చాయి.

హైమవతి రద్దు ఉత్తర్వు ప్రతి ఒకటి తీసి, పదింటి నుంచీ మెట్ల మీద కూర్చున్న అప్పలనర్సమ్మ చేతిలో పెట్టింది. నాలుగున్నర. హాస్టళ్ల ఆఫీసు ఊరికి అటు చివర. సింహాచలం ఆటో పిలిచాడు. ఎందుకో నేనూ ఎక్కాను. ఇన్ని రోజులుగా ఆమెకి నేను చేసిన సాయం అలమరా వైపు తిరిగి నిలబడటం ఒక్కటే, బహుశా అందుకేమో. రైల్వే గేటు దగ్గర ఆటో ఆగిపోయింది. డిప్యూటీ డైరెక్టర్ గారి రైలు కోసమే వేశారేమో అనుకున్నాను గానీ అది గూడ్సు. అప్పలనర్సమ్మ పెట్టెలు లెక్కపెడుతూ కూర్చుంది. గేటు తీసేసరికి అయిదుకి తొమ్మిది నిమిషాలుంది.

అధికారి చెప్పులు తొడుక్కుంటున్నాడు. మమ్మల్ని చూసి మళ్లీ కూర్చున్నాడు. ముందు రద్దు ఉత్తర్వు చదివాడు. తర్వాత ధ్రువపత్రం తీసుకున్నాడు. కార్డు పక్కన పెట్టి, వేలితో ఒక్కో అక్షరం కలుపుకుంటూ పైకి చదివాడు.

"పుట్టా అప్పలనర్సమ్మ."

"నానే బాబూ" అంది.

ఆయన సీలు వేశాడు. ఆమె కాగితం తీసుకుని కళ్లకద్దుకోవడం లాంటిదేమీ చెయ్యలేదు. "పిల్లలకి రేతిరికి వొంకాయ కొయ్యాల, ఆలీసమైపోనాది" అని ఆటో కూడా ఎక్కకుండా అడ్డదారిన నడుచుకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు హైమవతి పెసరట్టు గారికి జరిగింది రాసి, ధన్యవాదాలు చెప్పింది. 'మంచిది. ఇంక ఆ కొత్త వెర్షన్ పెట్టుకోండి' అని వచ్చింది. కొత్త వెర్షన్ కోసం మేం ఫైలు పెట్టాం. అది నడుస్తోంది.

డిప్యూటీ డైరెక్టర్ గారు వెళ్లిపోయాక కూర్మారావు గారే ఇన్‌ఛార్జి అయ్యారు. మొదటి వారంలోనే పెండింగు వ్యవహారాలు చూస్తూ, ఇరవై తొమ్మిదో తారీఖున భోజన విరామంలో ఒక ధ్రువపత్రం వత్తులతో సహా జారీ అయిన సంగతి కనిపెట్టారు. ముప్పయ్యో తారీఖు టిక్కుకి అధికారి నోటిమాటగానైనా అనుమతి ఉంది. ఇరవై తొమ్మిదో తారీఖు టిక్కుకి లేదు. హైమవతికి మెమో తయారైంది. ప్రింటు తీసి ఇవ్వవలసింది కూడా హైమవతే, ఆ సీటులో ఇంకెవరూ లేరు.

ఆమె ప్రింటు తీసి, తనకి తనే అందజేసుకుని, ముట్టినట్టు సంతకం పెట్టి, నిలబడే మొత్తం చదివింది. 'ప్రభుత్వోద్యోగి అయి ఉండియు, అధికారుల అనుమతి పొందకుండా, ఉద్దేశపూర్వకముగా, స్పష్టమైన ఉత్తర్వులను ధిక్కరించి, అక్రమముగా టిక్కు పెట్టినందులకు...' అలా పేజీన్నర ఉంది.

"ఏమంటావ్?" అన్నారు కూర్మారావు గారు.

"చాలా బాగా వచ్చింది సార్" అంది హైమవతి. "ఒక్క వత్తు కూడా పోలేదు."

ఆయన కాగితం అందుకుని, కళ్లజోడు పైకెత్తి, దగ్గరగా పట్టుకుని చూశారు.

"అవును" అన్నారు. "బాగా వచ్చింది."